నాలుగు దారాల పతంగికి హ్యాండిల్ ఎంత పొడవుండాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

సంక్రాంతికి మిద్దెల మీద ఎగరేసే పతంగికి ఒకటే దారం. చేతికొక హ్యాండిల్, ప్రతి హ్యాండిల్‌కు పైన ఒక దారం, కింద ఒక దారం (కింది దాన్నే బ్రేకు అంటారు), ఇట్లా నాలుగు దారాలతో నడిచే పతంగి వేరే జాతిది. దాన్ని ముందుకు ఉరికించవచ్చు, వెనక్కి దించవచ్చు, పక్కకు జరపవచ్చు, గాల్లో ఒక్కచోట నిలబెట్టవచ్చు. అమెరికాలోని శాన్ డియాగోలో హాడ్జికి సోదరులు 1980ల చివర్లో రూపొందించిన ‘రివల్యూషన్’తో ఈ రకం పేరుకెక్కింది. ఈసారి హ్యాండిల్స్ మీద వచ్చిన ప్రశ్నలు తీసుకున్నాం.

ప్రశ్న: నా పతంగి రెక్కల వెడల్పు 93 అంగుళాలు, ఎత్తు 31 అంగుళాలు. దాంతో 13 అంగుళాల హ్యాండిల్స్ వచ్చినయి. 15 కొనుక్కొమ్మని ఒకరంటున్నరు, 11 అయితే చేతికి బాగుంటదని ఇంకొకరంటున్నరు. ఎవరి మాట వినాలె? – హన్మకొండ

జవాబు: ఇప్పటికి 13 దగ్గరే ఆగండి. ఎందుకో చిన్న లెక్కతో తేలిపోతుంది.

ముందు కొలత. హ్యాండిల్ పొడవంటే పైపు పొడవు కాదు. పై తాడు కట్టే చోటు నుంచి కింది తాడు కట్టే చోటు దాకా సూటిగా ఉన్న దూరం. కొన్న హ్యాండిల్స్‌కు సాధారణంగా కొంచెం వంపు ఉంటుంది. టేపును ఆ వంపు వెంట తిప్పితే అర అంగుళం దాకా తప్పు వస్తుంది.

ఇక పని. మణికట్టును 30 డిగ్రీలు వంచారనుకోండి. పై దారానికీ కింది దారానికీ మధ్య వచ్చే తేడా హ్యాండిల్ పొడవులో సరిగ్గా సగం. 15 అంగుళాల హ్యాండిల్‌తో ఏడున్నర, 13తో ఆరున్నర, 11తో ఐదున్నర, 9తో నాలుగున్నర అంగుళాలు. మీరు హ్యాండిల్‌ను పైకొసన పట్టుకున్నా, నడుమ పట్టుకున్నా ఈ తేడా మారదు. పైన పట్టుకుంటే కింది దారం ఎక్కువ కదులుతుంది, నడుమ పట్టుకుంటే రెండూ ఎదురుబొదురుగా కదులుతాయి, అంతే.

ఆ తేడా పతంగిని ఎంత వంచుతుందనేది పతంగి ఎత్తును బట్టి ఉంటుంది. 31 అంగుళాల ఎత్తున్న మీ పతంగికి ఆరున్నర అంగుళాల తేడా ఇస్తే అది దాదాపు 12 డిగ్రీలు ఒరుగుతుంది. అదే 15 హ్యాండిల్‌తో 14 డిగ్రీలు, 11తో 10 డిగ్రీలు. 36 అంగుళాల ఎత్తున్న పెద్ద పతంగికి 15 హ్యాండిల్ వేసి చూడండి, మళ్లీ 12 డిగ్రీలే. 22 అంగుళాల చిన్న పతంగికి 9 వేసినా ఇంచుమించు 12. అంటే హ్యాండిల్ పొడవు పతంగి ఎత్తులో ఐదింట రెండు వంతులు, లేదా దానికి కాస్త ఎక్కువ ఉంటే చేయి కదిపినంతకు పతంగి కదులుతుంది. మీ జత ఆ లెక్కకు సరిపోయింది. చిన్న పతంగికి పెద్ద హ్యాండిల్ వేస్తే ఏమవుతుందో కూడా ఇందులోనే ఉంది: 22 అంగుళాల దానికి 13 వేస్తే 17 డిగ్రీలు ఒరుగుతుంది, వేలు కదిపితే గిర్రున తిరిగి నేల తాకుతుంది.

ఇది మొదలుపెట్టడానికి పనికొచ్చే లెక్క. గాలి, దారం పొడవు, మీ మణికట్టు బలం దీన్ని ఒక సైజు అటో ఇటో జరుపుతాయి. మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ బహుశా వాళ్ల వాళ్ల గాలిని చూసి చెప్పి ఉంటారు. కింది ప్రశ్నల్లో ఆ సంగతి వస్తుంది.

ప్రశ్న: పతంగి ముందుకు మంచిగ పోతది, ఎన్కకు మాత్రం దిగుతలేదు. బ్రేకు ఎంత గుంజినా అట్లనే పైకి పోతది. హ్యాండిల్స్ చిన్నగయినయా? ఇప్పుడున్నయి 13వి. – కాజీపేట

జవాబు: హ్యాండిల్స్ మార్చకండి. వంద రూపాయల పని కూడా లేదు ఇందులో. మీ పై లీడర్ తాళ్లు పొట్టిగా ఉన్నాయి.

హ్యాండిల్ రెండు కొసలకూ చిన్న తాళ్లుంటాయి, వాటినే లీడర్ అంటారు. కింది లీడర్ రెండు అంగుళాలుంటుంది, దానికి ఒకటే ముడి. పై లీడర్ ఎనిమిది అంగుళాల దాకా ఉండాలి, మూడో అంగుళం నుంచి అర అంగుళానికొక ముడి వేసి ఉండాలి. ఎగిరే దారం చివరి ఉచ్చును ఏ ముడి వెనక బిగిస్తే పతంగి అంత ముందుకు లేదా వెనక్కి మొగ్గుతుంది. మామూలు పతంగికి కన్నెలు కట్టేటప్పుడు పై దారం అర అంగుళం జరిపితే ఎంత తేడా వస్తుందో తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ ఆ సర్దుబాటు పతంగి దగ్గర కాకుండా చేతి దగ్గర ఉంది.

సరిచేసే వరుస ఇది. గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి ఉన్న రోజు చూసుకోండి. ఆ గాలిలో ఆకులు, చిన్న రెమ్మలు ఆగకుండా కదులుతుంటాయి, తేలిక జెండా విప్పుకుంటుంది. పై దారాలు రెండూ లీడర్ల నడిమి ముడికి తగిలించండి. పతంగిని రెండు కింది మూలల మీద నిలబెట్టి, బొటనవేళ్లు పైకి ఉండేలా హ్యాండిల్స్ పట్టుకుని, బొటనవేళ్లను మీ వైపు కొద్దిగా వంచుతూ అడుగు వెనక్కి వేయండి. పతంగి లేచి 15 అడుగుల ఎత్తుకు వచ్చాక చేతులు నిటారుగా తెచ్చి ఆపండి. అక్కడి నుంచి చిటికెన వేళ్ల వైపును నెమ్మదిగా మీ దగ్గరికి తెచ్చుకోండి. మణికట్టు సగం వంగేసరికి పతంగి నిలువుగా ఉండే నెమ్మదిగా కిందికి దిగాలి.

దిగకపోతే రెండు పై దారాలనూ హ్యాండిల్‌కు ఒక ముడి దూరం జరపండి. రెండు చేతులకూ సమానంగానే జరపాలి, ఒక్కటి మరిచినా పతంగి ఒక పక్కకు లాగుతుంది. మళ్లీ పరీక్షించండి. ఇంకా దిగకపోతే ఇంకొక ముడి. ఒక్కొక్క ముడితో మీ పతంగి దాదాపు ఒక డిగ్రీ వెనక్కి ఒరుగుతుంది. ఎక్కువైతే అదే చెబుతుంది: నేల మీద నుంచి లేవడానికి మొరాయిస్తుంది, లేచినా గుడ్డ పటపట కొట్టుకుని వెనక్కి జారి పడుతుంది. అప్పుడు ఒక ముడి వెనక్కి రండి. మొదట్లో చాలామంది పతంగి సులువుగా లేవాలని పై దారాలను హ్యాండిల్‌కు దగ్గరగా కట్టేస్తారు. లేవడం సులువవుతుంది, నాలుగు దారాలు కట్టి రెండు దారాల పతంగిని ఎగరేసినట్టవుతుంది.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. లీడర్ ముడి మీ చేయి నిటారుగా ఉన్నప్పుడు పతంగి ఏ ఒరుపులో ఉండాలో నిర్ణయిస్తుంది. హ్యాండిల్ పొడవు అక్కడి నుంచి అటు ఇటు ఎంత కదలిక దొరుకుతుందో నిర్ణయిస్తుంది. మొదటిది తప్పుగా ఉన్నప్పుడు రెండోదాన్ని పెంచితే, ముందుకు పోవడం ఇంకా ఉరుకుతుంది, వెనక్కి దిగడం మాత్రం మణికట్టు పూర్తిగా విరిచినట్టు వంచితేనే వస్తుంది. ముడులు సరిచేసి, పది గంటలైనా ఎగరేశాక అప్పుడు హ్యాండిల్ గురించి ఆలోచించండి.

ప్రశ్న: చేతులు సమంగా పట్టుకున్నా పతంగి ఎడమకే తిరుగుతుంది. హ్యాండిల్స్‌లో తేడా ఉంటుందా? – జనగామ

జవాబు: ఉండవచ్చు, రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిస్తే తెలుస్తుంది. ఎక్కువసార్లు తప్పు దారాల్లో ఉంటుంది. ఈ పతంగులకు వాడే డైనీమా అనే అల్లిక సింథటిక్ దారం కొత్తలో బరువు పడ్డ కొద్దీ సాగి, అల్లిక బిగుసుకుంటుంది. పై దారాల మీద ఎక్కువ లాగుడు పడుతుంది గనక అవే ఎక్కువ సాగుతాయి. నాలుగు దారాల ఒక కొసను నేలలో దిగేసిన ఒకే మేకుకు తగిలించి, నాలుగింటినీ కలిపి గట్టిగా లాగి, రెండో కొసలు పక్కపక్కన పెట్టి చూడండి. పావు అంగుళం దాటి తేడా ఉంటే పొడవైన దారం చివరి ఉచ్చు విప్పి, ఆ మేరకు లోపలికి జరిపి కట్టుకోవాలి. ప్రతి పది పన్నెండు గంటల ఎగరేతకు ఒకసారి పై దారాలను కిందికి, కింది దారాలను పైకి మార్చుకుంటే నాలుగూ సమంగా సాగుతాయి.

ప్రశ్న: చలికాలం పొద్దుగాల మానేరు డ్యాం దిక్కు గాలి మస్తు తక్కువుంటది. పతంగి మాట వినదు. 15 హ్యాండిల్ వేస్తే లాభముంటదా? – కరీంనగర్

జవాబు: ఉంటుంది. ఇక్కడ పొడుగు హ్యాండిల్ నిజంగా అక్కరకొస్తుంది. అయితే వేయాల్సిన అడుగుల్లో అది మూడోది.

గాలి తక్కువైనప్పుడు దారాలు బిగువుగా ఉండవు, నడుమ ఉయ్యాలలా కిందికి వేలాడతాయి. మీరు చేత్తో లాగిన ఆరున్నర అంగుళాల్లో కొంత ఆ వేలాడుడును సరిచేయడానికే పోతుంది, మిగిలిందే పతంగికి చేరుతుంది. 120 అడుగుల దారంతో ఈ నష్టం ఎక్కువ. అందుకే మొదటి పని దారం కురచ చేయడం: 120 బదులు 80 అడుగులవి వేయండి. దారం బరువు కూడా తగ్గుతుంది, 90 పౌండ్ల లాగుడు తట్టుకునే దారం బదులు 50 పౌండ్లు తట్టుకునేది వేస్తే ఇంకా తగ్గుతుంది. నెమ్మది గాలికి ఆ బలం చాలు. రెండోది, పై దారాలను ఒకటి రెండు ముడులు హ్యాండిల్ దగ్గరికి తెచ్చి పతంగికి కాస్త ముందుకు పోయే గుణం ఇవ్వండి. గాలి పెరిగితే బ్రేకు పెంచాలి, తగ్గితే తగ్గించాలి. అప్పటికీ చేతి మాట ఆలస్యంగా అందుతుంటే 13 తీసి 15 వేయండి. ఆ అదనపు అంగుళం వేలాడుడు మింగేసిన దాన్ని తిరిగి ఇస్తుంది.

పొడుగు హ్యాండిల్‌తో చేయి కదిపే తీరు మారాలి. కదలిక పెద్దదిగా, నెమ్మదిగా ఉండాలి. చటుక్కున లాగితే దారం బిగుస్తుంది కానీ గుడ్డలో గాలి నిలవదు.

డ్యాం కట్ట మీద నిలబడేటప్పుడు నీళ్లు మీ వీపు వెనక ఉండేలా చూసుకోండి. నీటి మీదుగా వచ్చే గాలి నునుపుగా ఉంటుంది, పతంగి నేల వైపు ఎగురుతుంది. దిశ తారుమారైతే తడిసిన పతంగిని నీళ్లలోంచి లాగాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆషాఢం గాలికి అరగంటలో మణికట్లు నొప్పి పుడుతున్నాయి. పొడుగు హ్యాండిల్ అయితే బలం కలిసొస్తుందని విన్నాను. నిజమేనా? – మంచిర్యాల

జవాబు: గట్టి గాలిలో అది తిరగబడుతుంది. గడ్డపార పొడుగైతే రాయి సులువుగా లేస్తుంది, ఎందుకంటే మనం పొడుగు కొసను నొక్కుతాం. ఇక్కడ పొడుగు కొసను పట్టుకుని లాగుతున్నది గాలి. మీ పట్టు నుంచి కింది ముడి దాకా పది అంగుళాలుండి, బ్రేకు దారం మీద ఒక కిలో లాగుడు ఉంటే మణికట్టు ఆ పది అంగుళాల బరువు మోయాలి. ఆ దూరం ఎనిమిది చేస్తే భారం ఐదో వంతు తగ్గుతుంది. 13 బదులు 11 వేస్తే మీకు దొరికేది అదే. కదలిక కొంచెం తగ్గుతుంది, కానీ బిగువైన దారం ఏమీ మింగదు గనక ఆ లోటు తెలియదు.

దానికన్నా ముందు గుడ్డ సంగతి చూడండి. గంటకు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలిలో దుమ్ము, కాగితాలు లేస్తాయి, చిన్న కొమ్మలు ఊగుతాయి. అంతకు మించి వీస్తుంటే నిండు గుడ్డ పతంగిని మడిచి, జాలీ గుడ్డ కుట్టిన పతంగి తీయాలి. నిండు గుడ్డకు చిన్న హ్యాండిల్ వేసి నెట్టుకొస్తే మణికట్టుకు మేలు కలగవచ్చు, ఫ్రేములోని కార్బన్ పుల్లలకు మాత్రం కలగదు. పట్టు కూడా ఒకసారి గమనించండి: హ్యాండిల్‌ను పిడికిలి బిగించి పట్టుకుంటే నొప్పి వస్తుంది. చూపుడు వేలు, మధ్య వేలు లాగుడును మోయాలి, బొటనవేలు పైన ఊరికే ఆనాలి, చివరి రెండు వేళ్లు బ్రేకు కోసం వదులుగా ఉండాలి.

ప్రశ్న: మా కాలనీ గ్రౌండు చిన్నది. 30 అడుగుల దారాలతో ఎగరేయాలనుకుంటున్నాను. హ్యాండిల్ మార్చాలా? – వరంగల్

జవాబు: మార్చాలి, 11కు గాని 9కి గాని దిగండి. పతంగి గాల్లో ఆరడుగులు జరిగితే 120 అడుగుల దారం చివర మీ కంటికి అది మూడు డిగ్రీల కదలిక. 30 అడుగుల దారం చివర పదకొండు డిగ్రీలు దాటుతుంది. ఎగరడానికి ఉన్న జాగా నాలుగో వంతయింది, పతంగి వేగం అలాగే ఉంది. 13 హ్యాండిల్‌తో మీరు దిద్దేలోపు అది గోడ చేరుతుంది.

ఇళ్ల మధ్య గ్రౌండులో ఇంకో చిక్కుంది. భవనం దాటి వచ్చే గాలి దాని ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం దాకా సుడులు తిరుగుతుంటుంది. 30 అడుగుల ఇంటి వెనక 200 అడుగుల లోపు ఏ హ్యాండిల్ వేసినా పతంగి ఒకసారి లేచి ఒకసారి కూలుతుంది. ఎండాకాలం చెరువు ఎండిపోయాక బయటపడే శిఖం భూమి నేర్చుకోవడానికి ఎంతో మంచిది: చదును, చెట్లు లేవు, గాలికి అడ్డం లేదు. ఎగరేసే ముందు పల్లేరు కాయలు మాత్రం ఏరుకోండి. ఒక్క కాయ నాలుగు దారాలనూ చిక్కు వేస్తుంది, గుడ్డకు చిల్లి పెడుతుంది. కాజీపేట వైపు ఉండేవాళ్లు రైలు పట్టాల దరిదాపులకు పోవద్దు, పైన తీగల్లో 25,000 వోల్టులుంటాయి.

ప్రశ్న: రెండు మూడు సైజులు కొనే స్తోమత లేదు. ఇంట్లో చేసుకోవచ్చా? – పెద్దపల్లి

జవాబు: నిక్షేపంగా చేసుకోవచ్చు. ఒకే జతతో నాలుగు పొడవులూ పరీక్షించే మార్గం కూడా ఉంది.

10 మిల్లీమీటర్ల అల్యూమినియం గొట్టం తీసుకోండి, గోడ మందం ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ పైపు వద్దు, లాగినప్పుడు అది వంగి మీరిచ్చిన కదలికను తానే తీసుకుంటుంది. 396 మిల్లీమీటర్ల ముక్కలు రెండు కోయండి. పై కొసకు ఏడున్నర మిల్లీమీటర్ల కింద 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఆ రంధ్రం నుంచి కిందికి 229, 279, 330, 381 మిల్లీమీటర్ల దగ్గర మరో నాలుగు వేయండి. ఇవి వరుసగా 9, 11, 13, 15 అంగుళాలు. రంధ్రాలన్నీ ఒకే వరుసలో ఉండాలి. అందుకోసం గొట్టాన్ని చెక్కకు బిగించి, దాని పొడవునా ఒక గీత గీసుకుని ఆ గీత మీదే వేయండి.

అన్నిటికన్నా శ్రద్ధగా చేయాల్సింది రంధ్రం అంచు. డ్రిల్లు తీసిన వెంటనే వేలితో తాకి చూడండి, బ్లేడులా గీసుకుంటుంది. లీడర్ తాడును అది రెండు రోజుల్లో కోసేస్తుంది. 6 మిల్లీమీటర్ల బిట్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పి అంచు ఒరిపించి, సన్న ఉప్పుకాగితంతో రుద్దండి. దూది ముక్కను రంధ్రంలోంచి లాగితే ఒక్క పోగు కూడా చిక్కకూడదు. లీడర్‌కు 2 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు చాలు, కొసలు నిప్పుతో కాల్చి అదమండి. పట్టుకు సైకిల్ షాపులో దొరికే ఫోమ్ గ్రిప్ ఐదు అంగుళాలు తొడగండి. రెండు కొసలకూ రబ్బరు మూతలు పెట్టండి.

ఒక్కో పొడవుతో కనీసం రెండు రోజులు ఎగరేయండి. పొడవు మార్చిన ప్రతిసారీ పై లీడర్ ముడులను మళ్లీ సరిచూసుకోవాలి. కింది రంధ్రానికి దిగువన మిగిలిన గొట్టానికి వదులు దారం చుట్టుకుంటుంది, కాబట్టి ఇది పరీక్ష జత మాత్రమే. మీకు సరిపోయే పొడవు తేలాక మిగతాది హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో నునుపు చేసి, మూత పెట్టేయండి.

ప్రశ్న: దారం తెగింది. ప్రస్తుతానికి మాంజా కట్టవచ్చా? – భూపాలపల్లి

జవాబు: వద్దు, ఏ రకమైనా సరే. నాలుగు దారాల పతంగి గుండ్రంగా తిరిగినప్పుడల్లా దారాలు ఒకదాని చుట్టూ ఒకటి మెలిపడతాయి. డైనీమా నున్నగా ఉంటుంది గనక మెలికల్లో కూడా జారుతుంది. అది సుమారు 150 డిగ్రీల వేడికే కరుగుతుంది, నూలు దారమో నైలాన్ దారమో దాని మీద రాసుకుంటే ఆ రాపిడికే తెగుతుంది. గాజు పూత ఉంటే చెప్పనే అక్కర్లేదు. పైగా నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది, మనుషుల గొంతులు, పక్షుల రెక్కలు కోసినందుకే. సంక్రాంతి వారం రోజులూ మీ పతంగిని ఊరి మిద్దెలకు దూరంగా పొలాల వైపు తీసుకుపోండి, తెగి వచ్చిన మాంజా పోగొకటి తగిలినా మీ దారం ఆగదు.

ప్రశ్న: పదేళ్ల పాపకు ఏ హ్యాండిల్ ఇవ్వాలి? – హుజూరాబాద్

జవాబు: 11. పొడవుకన్నా పిల్లలకు గ్రిప్ లావు ముఖ్యం. ఫోమ్ తొడిగాక చుట్టూ పట్టుకుంటే బొటనవేలి కొస చూపుడు వేలికి తగలాలి. తగలకపోతే ఫోమ్ తీసేసి బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే టేపు ఒక్క వరుస చుట్టండి. 80 అడుగుల దారం వేసి, గాలి గంటకు 15 కిలోమీటర్లు దాటని రోజు చూసుకుని, పై దారాలను మీకు కట్టుకునేదానికన్నా ఒక ముడి దూరంగా కట్టి ఇవ్వండి. పతంగి మెల్లగా లేస్తుంది, భయపడి రెండు చేతులూ దగ్గరికి గుంజుకున్నా ఉరకదు. చేయి అలసిందంటే హ్యాండిల్స్ వదిలేయొద్దని, రెండడుగులు ముందుకు నడిస్తే పతంగి దానంతటదే దిగుతుందని ముందే చెప్పి, ఒకసారి చేసి చూపించండి.